సేవ్ చేశాననుకున్న రాత్రి

పాలకేంద్రం మూతపడ్డప్పుడు
జీతం బకాయి కింద నాకు దక్కింది ఈ ల్యాప్‌టాప్.
కీల సందుల్లో ఇప్పటికీ జున్ను వాసన.
స్వానేతి లోయలో, ఈ పైవూళ్ళలో
ఏ ఏడు మంచు ఎక్కడ విరిగిపడిందో
నోటికి చెప్పగలవాళ్ళం ముగ్గురం మిగిలాం.
అందులో ఒకామెకి ఈమధ్య తన పేరే తట్టడం లేదు.

అందుకని పటం గీద్దామనుకున్నాను.
పటాలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితమేనన్నారు,
లోపలి కోడ్ ఎవరైనా విప్పి చూసుకోవచ్చన్నారు.
బాగుంది. మరి దేనిమీద నడపాలి?
అడిగి చెడ్డాను.

బడిపంతులు అంజోర్ గొంతు తగ్గించి
"లినక్స్" అన్నాడు, మంత్రం ఉపదేశిస్తున్నట్టు.
రోడ్డుమీద మంచు తోసే బండి నడిపే గెలా
"ఉన్న విండోస్‌ని ఉండనీ త్సియూరీ,
చీకట్లో కూడా స్విచ్ ఎక్కడుందో తెలిసిన ఇల్లది" అన్నాడు.
యాత్రికుల్ని కొండలెక్కించే లెవాన్
తన వెండిరంగు మ్యాక్ తెరిచి చూపించాడు.
దాని ధరకి రెండు పాడి ఆవులొస్తాయి.
మెచ్చుకుని, మూత వేసి, తిరిగిచ్చేశాను.

మొదట గెలా మాటే విన్నాను.
గిగాబైటు దాటిన ఫైలు, ఫోన్ డేటా,
సిగ్నల్ కోసం ఫోన్ కిటికీ అంచున.
తొంభై ఒకటో శాతం దగ్గర కరెంటు పోయింది.
రెండోసారి నలభై దగ్గర.
మూడోసారి, అప్‌డేట్ అయ్యేదాకా కదలనని
నీలం తెర కప్పుకుని కూర్చుంది యంత్రం,
అలిగిన కొత్తల్లుడిలా.

అప్పుడు అంజోర్ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చాడు.
"ఏదీ చెరపక్కర్లేదు. దీన్నుంచే లేపు.
పటాల సరంజామా అంతా ఇందులోనే ఉంది.
రుచి చూడు, నచ్చకపోతే పీకెయ్."

లేచింది.
మొదట మా అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా పడ్డాయి.
కీబోర్డు మార్చే చోటు దొరికేసరికి పొయ్యి ఆరిపోయింది.
ఇక గీస్తూ పోయాను:
మిల్లు వెనక జారింది, చర్చి గోడ తట్టుకున్నది,
మామయ్య కొట్టాన్ని ఆవులతో సహా వాగులోకి నెట్టింది,
ఒక్కోదానికి ఒక గీత, పక్క గడిలో సంవత్సరం.
పదిహేడు గీతలు. పదిసార్లు సేవ్ నొక్కాను,
డెస్క్‌టాప్ మీద, నా కళ్ళ ముందే.

తెల్లారి ఆపి మళ్ళీ లేపితే
ఎవరూ నడవని మంచులా ఉంది తెర.
"అయ్యో, దీన్నుంచి నడిపితే ఆపగానే అన్నీ పోతాయి,
విడిగా దాచుకోవాలి, చెప్పడం మరిచాను" అన్నాడు అంజోర్.
ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.
ఆలుగడ్డలు తవ్వినట్టు మాటలు తవ్వుకుని
నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో రాత్రి మళ్ళీ కూర్చున్నాను.
చేతికి దారి తెలుసు గనక గంటలో పదిహేడూ వచ్చాయి.
ఆగాల్సింది.
కానీ బాణం గుర్తు అక్కడే తచ్చాడింది,
వంతెనకి పైన, మొదటి రాత్రి నేను తప్పుకుని వెళ్ళిన వాలులో.
పద్దెనిమిదోది గీశాను.
సంవత్సరం రాశాను. తమ్ముడి పేరు రాయలేదు,
ఆ వివరానికి గడి లేదు, నేను చేర్చలేదు.

చివరికి ఏది ఎంచుకున్నావని అందరూ అడుగుతారు.
డిస్కుని రెండు వాటాలు చేయించాను.
పొద్దున్నే అది పది సెకన్లపాటు అడుగుతుంది, ఎటు?
ఎక్కువసార్లు అంజోర్ వైపు వెళ్తాను.
పాత యంత్రం అటైతే ఆయాసపడదు.
కరెంటు బిల్లుకి మాత్రం ఇప్పటికీ విండోస్.

జనవరిలో గెలా వచ్చి
ఆ ఫైలు తన కంప్యూటర్లో వేసుకున్నాడు.
అతనిది విండోసే. తెరుచుకుంది,
గీతకి గీత, అక్షరానికి అక్షరం.
చలికి పగిలిన వేలు తెర మీద ఆనించి
రోడ్డు వెంబడి మెల్లగా జరుపుకుంటూ పోయాడు.
వంతెన దగ్గర ఆగింది.
నావైపు చూడలేదు.
"ఇక్కడ బండి ఆపను," అన్నాడు,
"సిగరెట్టుకి కూడా."